గోష్ఠిలో చదువదగిన బుద్ధవచనము

గుడివాడనుండి కైకలూరు పోవు త్రోవలో ముదినేపల్లి యున్నది. కొల్లేటి గాలి సోకెడి పల్లపు సీమ. నిన్నమొన్నటివరకు కృష్ణాజిల్లాలోనిదై 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరినది గాని, మాటతీరును, చేలును, చుట్టరికములును నేటికిని గుడివాడ బందరులవే. ఇచ్చట మేము కొందరము వారమున కొక సాయంకాలము ఒక యింటి పంచలో కూడి బుద్ధవచనమును చదివి చర్చించుకొందమని నిశ్చయించుకొంటిమి. ఆ నిశ్చయము సులభముగనే జరిగినది. ఏమి చదువవలె నన్న ప్రశ్న వచ్చుసరికి మాత్రము మూడు వారములు గడచిపోయినవి. ఆ తగవులో మాకు తెలిసివచ్చిన పూర్వచరిత్రను పాఠకులతో పంచుకొనుటకే యీ వ్యాసము.

త్రిపిటకమనగా నొక పుస్తకమని తలచినవారు మాలోనే కొందరుండిరి. భిక్షు జగదీశ కాశ్యపుని సంపాదకత్వమున నాలందానుండి 1956 మొదలు 1961 వరకు నాగరలిపిలో పాలీత్రిపిటకము వెలువడినప్పుడు అది 41 సంపుటములైనది. సుత్తపిటకములోని యైదు నికాయములలో ఒక్క మజ్ఝిమనికాయముననే 152 సూత్రములు కలవు. వారమున కొకటి చొప్పున చదివినను దానికే యించుమించు మూడేండ్లు చెల్లును. సంయుత్త, అంగుత్తరములలోని చిన్న సూత్రములు వేలకొలది. కావున ఏరుకొనక తప్పదు. ఏరువాని చేతిలో నొక జల్లెడ యుండును. దాని కన్నులు సన్నమో పెద్దవో వాని మనస్సే నిర్ణయించును. మా తగవంతయు ఆ జల్లెడ గురించియే.

మొదటి జాబితాను మాలో ఉపాధ్యాయవృత్తియం దుండినవా రొకరు తయారుచేసిరి. అందు కాలామసూత్రము, జాతిభేదమును ఖండించు అస్సలాయనసూత్రము, బ్రహ్మమును కన్నులార చూడనివారు దానికి త్రోవ చూపబోవుటను పరిహసించు తేవిజ్జసూత్రము, లోకము శాశ్వతమా అశాశ్వతమా యన్న ప్రశ్నలను ప్రక్కకు త్రోసిన చూళమాలుంక్యసూత్రము ఉండెను. వానిలో నొక్కటియు త్రోసిపుచ్చదగినది కాదు. సంస్కరణాభిమానులగు మాకందరకు ఆ జాబితా మిక్కిలి నచ్చినది. అంతలో మేమందరము పిన్నిగారని పిలుచు పెద్దామె, "మీకు నచ్చినవే ఏరుకుని చదువుకుంటే ఇంక వాదించుకునేదేముంది నాయనా? మీ మాటలే బుద్ధుడి నోట విన్నట్టవుతుంది గాని" అనిరి. "అట్లాగని దేవతలూ పునర్జన్మలూ చదువుతూ కూర్చుంటే పురాణకాలక్షేపం అవదుటండీ పిన్నిగారూ?" అని ఉపాధ్యాయులు ప్రశ్నించిరి. ఆమె మారు పలుకలేదు గాని, ఆ పూట జాబితా ఖాయము కాలేదు.

ఇంటికి పోయి మేము కాలామసూత్రమును మొదటినుండి తుదివరకు మరల చదివితిమి. అంగుత్తరనికాయము తికనిపాతములోని యీ సూత్రమును మనవారు తరచుగ పేర్కొందురు గాని, సగమునకే విడిచిపెట్టుదురు. కేసపుత్తగ్రామమునకు వచ్చిన శ్రమణబ్రాహ్మణు లందరును ఎవరి మతమును వారు పొగడుకొని యితరుల మతమును తెగడుచుండగా, దిక్కుతోచక కాలాములు బుద్ధుని ప్రశ్నించిరి. వినికిడిచేత గాని, పరంపరచేత గాని, గ్రంథప్రమాణముచేత గాని, ఈతడు మా గురువను గౌరవముచేత గాని దేనినిని గ్రహింపవలదని ఆయన బదులు చెప్పెను. ఇంతవరకు మనకెంతో యింపుగ నున్నది. కాని అదే వరుసలో తర్కముచేత గ్రహింపవలదనియు కలదు! హేతువు నొక్కదానినే దైవముగ నెంచుకొన్నవారికి ఈ మాట కొంచెము చేదు. మరి దేనిచేత గ్రహింపవలెను? ఆచరణయందు కీడు కలిగించునని తమకు తామై యెరిగి, విజ్ఞులు గర్హించునవియని తెలిసి లోభద్వేషమోహములను విడువవలెను. తుదకు మైత్రి మొదలగు నాలుగు భావనలతో నిర్మలమైన చిత్తము గలవానికి నాలుగు ధైర్యములు చెప్పబడినవి. పరలోకమున్నచో అతనికి సుగతి కలుగును. లేకున్నను ఈ లోకముననే సుఖముగ నుండును అన్నవి వానిలో మొదటి రెండు. సూత్రము పూర్తిగ చదివినవానికి నాస్తికవాదమును చేతికందదు, ఆస్తికవాదమును చేతికందదు. పిన్నిగారి మాటలోని సత్యము మాకప్పుడు తోచినది.

బుద్ధవచనమునుండి ఏరి, గోష్ఠులయందు వినుడని జాబితా నిచ్చినవారిలో మనకు తెలిసినంతలో మొదటివాడు అశోకచక్రవర్తి. రాజస్థానములోని బైరాటు నొద్ద 1840లో కెప్టెన్ బర్ట్ కనుగొన్న శిలాశాసన మొకటి కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో నున్నది. అందు మగధరాజగు ప్రియదర్శి సంఘమునకు నమస్కరించి, భగవానుడు పలికిన దంతయు మంచిదేయని ముందుగ చెప్పి, అటుపిమ్మట ఏడు ధర్మపర్యాయములను పేరు పేరున నెన్ని, భిక్షువులును భిక్షుణులును వానిని మాటిమాటికి విని మననము చేయవలెననియు, ఉపాసకులును ఉపాసికలును అట్లే చేయవలెననియు కోరినాడు. రెండువేల రెండువందల యేండ్లకు పైబడిన యీ శాసనము ఆడువారిని గోష్ఠికి వెలిగ నుంచలేదని మా సోదరీమణులు గమనింతురు గాక.

ఆ యేడింటిలో కొన్ని యేవియో పండితులు నిశ్చయింపగలిగిరి. మునిగాథ సుత్తనిపాతములోని మునిసుత్తము. మౌనేయసూత్రము అందలి నాలకసుత్తమని పలువురు తలచిరి. ఏడవది అసత్యమును గూర్చి రాహులునకు చేసిన ఉపదేశమని శాసనమే చెప్పుచున్నందున, అది మజ్ఝిమనికాయములోని 61వ సూత్రమనుటలో సందేహము లేదు. మొదటిదగు వినయసముత్కర్ష విషయమున మాత్రము పండితుల కైకమత్యము లేదు. ధర్మానంద కోసంబి దానిని ధర్మచక్రప్రవర్తనసూత్రమే యనెను. ఇక 'అనాగతభయములు' అను పేరుగలవి అంగుత్తరనికాయమున కలవు. అందు రాబోవు కాలమున భిక్షువులు మంచి వస్త్రములకును రుచిగల యన్నమునకును ఆశపడుదురని హెచ్చరింపబడినది. అంతేకాదు, గంభీరములగు తథాగతసూత్రములను విడిచి, కవులు కూర్చిన చిత్రాక్షర చిత్రపదములకు చెవియొగ్గుదురనియు కలదు! మనము ఆంధ్రులము బుద్ధుని ముందుగ నెరిగినది తిరుపతి వేంకటకవుల బుద్ధచరిత్రములోను, 1932లో వెలసిన పింగళి కాటూరి కవుల సౌందరనందములోను కదా! మా పాఠకులలో కవులును కలరు. వారు మమ్ము క్షమింతురు గాక.

చక్రవర్తి తాను కళింగయుద్ధముచేత పరితపించినవాడైనను, యుద్ధమును గూర్చిన సూత్రము నొక్కటిని ఈ జాబితాలో చేర్చలేదు. మహిమలను గూర్చియు చేర్చలేదు. కొడుకుతో తండ్రి అబద్ధమాడవద్దని చెప్పిన సంభాషణను చేర్చినాడు. ఏరుట యన్నది ఏరినవాని చిత్తమును బయలుపరచునని ముందు చెప్పితిమి. రాజ్యము నేలినవాడు తన ప్రజలందరు వినదగినదిగ దీనిని తలచుట మాకు వింతగను గౌరవాస్పదముగను తోచినది.

ఇట్టి గోష్ఠులు మగధకేగాని మన లంకలకు దివిసీమకు తెలియవా యని మాలో నొకరు ప్రశ్నించిరి. తెలియకపోవుటేమి? కృష్ణకు ఆవలిగట్టున భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించినప్పుడు శరీరధాతువులుంచిన రాతి భరిణెలు దొరికినవి. వానిమీది క్రీస్తుపూర్వపు వ్రాతలను బ్యూలరు పండితుడు చదివి ప్రకటించెను. ఆ ధాతువులను నిక్షేపించినది ఒక చక్రవర్తి గాదు, గోష్ఠి. సభ్యుల పేర్లు వరుసగ చెక్కబడియున్నవి, నిగమమువారును కలరు. కుబిరకుడను రాజు సింహగోష్ఠికి ప్రముఖుడని మాత్రమే చెప్పబడినాడు. రాజును గోష్ఠిలో నొకనిగ కూర్చుండబెట్టిన యీ శాసనము మనకు గర్వకారణము. మేము కూర్చుండు పంచకు పేరేమి పెట్టవలెనని తడవులాడుచున్న మాకు, గోష్ఠి యన్న మాట ఆ రాతి భరిణెనుండియే దొరికినది.

మన సీమలో ఆ కాలపు భిక్షువులు ఏ సూత్రములు వల్లించిరో కొంత తెలియును. నాగార్జునకొండ మహాచైత్యమును ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని ఆరవ రాజ్యసంవత్సరమున చాంతిసిరి యను రాజకుటుంబపు స్త్రీ పూర్తిచేయించినది. నిర్మాణమును నడపిన భదంత ఆనందుడు దీఘ మజ్ఝిమ నికాయములను నోటనుంచుకొన్నవాడని శాసనమున కలదు. ఆయన గురువులు ఆ రెండు నికాయములను ఐదు మాతృకలతో గూడ బోధించెడివారట. ఆ చైత్యము అపరమహావినసేలియులను ఆంధ్రనికాయమువారిది. అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో మన కృష్ణాతీరపు భిక్షువులకు దీఘ మజ్ఝిమములు కంఠస్థములు. పాలీగ్రంథములు సింహళమువారివి, మనకేమి పని యని మాలో సందేహించినవారికి ఈ శాసనమే సమాధానము. అయితే ఆ పేర్లు గల వారి పాఠమును నేడు మనము చదువు పాలీపాఠమును ఒక్కటే యని చెప్పుటకు వీలులేదు. ఆంధ్రనికాయములవారి నోటనుండిన పాఠము నిలువలేదు. సింహళపు మహావిహారమువారిది నిలిచినది.

సింహళమువారును పరాయివారుగ నిక్కడ నుండలేదు. ఆ నాగార్జునకొండలోనే బోధిసిరి యను ఉపాసిక తామ్రపర్ణి ఆచార్యులకై చైత్యగృహమును కట్టించినది. ఆమె దానముల జాబితాలో కంటకసేల మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపము కూడ చేరినది. ఆ కంటకసేలయే మన దివితాలూకా ఘంటసాల. టాలమీ యను యవన భూగోళజ్ఞుడు దీనిని వర్తకపు రేవుగ పేర్కొనెను. అచ్చట దొరికిన శాసనమున మహానావికుడగు సివకుని పేరు కలదు. గృహస్థురాలగు నొక స్త్రీ, కొండలోయలోని విహారమునకును సముద్రపు రేవులోని చైత్యమునకును ఒక్క చేతితో దానము చేయగలిగిన దినములవి! నేడు ఆ లోయ నాగార్జునసాగరపు నీట మునిగియున్నది. గుడివాడ, భట్టిప్రోలుల స్తూపముల యిటుకయు రాయియు రోడ్లకును కాలువపనులకును పోయినవి. మిగిలిన దిబ్బలను జనులు లంజదిబ్బలని పిలిచిరి. మహాస్థవిరుల ధాతుగర్భములకు ఇంతకంటె మంచి పేరు మన నోట రాకపోయెను.

ఆంధ్రనికాయములవారి మతమును మనము చాలవరకు తెలిసికొనవలసినది వారి ప్రత్యర్థుల గ్రంథమునుండియే. పాటలీపుత్రపు మూడవ సంగీతిలో మొగ్గలిపుత్త తిస్సుడు రచించెనని సంప్రదాయము చెప్పు కథావత్థువులో రెండువందలకు పైగ వాదములు ఖండింపబడినవి. పూర్వశైలులు, అపరశైలులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అను నలువురకు కలిపి అంధకులని దాని అట్ఠకథలో పేరు. బుద్ధుని వ్యవహారవాక్కు సైతము లోకోత్తరమని అంధకులు వాదించిరట. అట్లైన లోకుల చెవికి వినబడదా యేమి యని స్థవిరవాది ప్రశ్న. వారిలో కొందరు మరియు ముందుకు పోయి, భగవానుని మలము సైతము సుగంధములను మించినదనిరట! ఆయన తిన్నది అన్నమును గంజియు గాని గంధద్రవ్యములు కాదుకదా యని ప్రత్యుత్తరము. ఇది చదివినప్పుడు పంచలో నవ్వు ఆగలేదు. కాని నవ్విన పిదప మాకు సిగ్గు కలిగినది. ఒకని మాటను వాని ప్రత్యర్థి నోట విని తీర్పు చెప్పుట న్యాయమా? బుద్ధుడు లోకమును అనువర్తించుటకే స్నానభోజనాదులు చేసెనని చెప్పు లోకానువర్తనసూత్రమును చంద్రకీర్తి పూర్వశైలులదిగ పేర్కొనెను. అది చీనా, టిబెట్టు భాషలలో మిగిలినది. వారి వాదమును వారి నోటనే విన్నచో అది హాస్యము కాదు. భక్తి తలకెక్కిన తత్త్వవిచారము. అంగీకరించుట మన యిష్టము.

ఈ విషయమున మాకు మార్గదర్శకు డొకడు కనబడినాడు. ఏడవ శతాబ్దిలో చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు ధాన్యకటకమునకు వచ్చి కొన్ని మాసములుండెను. ఆయన మహాయానవాది. అక్కడ మహాసాంఘిక పిటకమందు ప్రవీణులగు సుభూతి, సూర్యుడు అను నిద్దరు భిక్షువుల నొద్ద వారి అభిధర్మమును చదువుకొనెను. వారు ఆయన నొద్ద మహాయానశాస్త్రములను చదువుకొనిరి. ఎవరి గ్రంథమును వారే చదువుకొని మెచ్చుకొనుటకు ఆయన చీనానుండి ఎడారులు దాటి రావలసిన పనిలేదు. మన ఆంధ్రదేశమున జరిగిన సామూహికాధ్యయనములలో మాకు తెలిసినంతలో ఇంతకంటె మేలైనది లేదు.

ఇటీవలి వారిలో ఏరినవాడు అంబేడ్కరు. ఆయన మరణానంతరము 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మము' అను గ్రంథమున, సిద్ధార్థుడు వృద్ధుని, రోగిని, శవమును చూచి విరాగియయ్యె నన్న కథ నమ్మదగినది కాదనియు, నాలుగు ఆర్యసత్యములు మూలబోధయేనా యన్నది విచారింపదగిన దనియు పీఠికలోనే చెప్పెను. అందు పలువురకు సమ్మతి లేదు. మాలోను లేదు. కాని తాను దేనిని విడిచెనో, ఎందుకు విడిచెనో దాచక చెప్పినాడు. ఏరువాని కుండవలసిన మర్యాద అది.

ఈ విచారమంతయు జరిగిన పిమ్మట మూడవ వారమున మా జాబితా మారినది. ఉపాధ్యాయుల నాలుగు సూత్రములును ఉన్నవి. అశోకుని యేడింటిలో గుర్తుపట్టగలిగినవి చేరినవి. గృహస్థుల గోష్ఠి గనుక దీఘనికాయములోని సిగాలసూత్రము తప్పదని ఒక రైతుమిత్రుడు పట్టుపట్టెను. అందు భార్యకు అధికారము నప్పగించుట భర్త విధులలో నొకటి. పనివారి శక్తినిబట్టి పని చెప్పుట, కూలియు కూడును ఇచ్చుట, జబ్బుచేసినప్పుడు చూచుట, రుచిగల పదార్థమును వారితో పంచుకొనుట, వేళకు విడిచిపెట్టుట యజమాని విధులు. కోతల రోజులలోనే దీనిని చదువవలెనని తీర్మానించితిమి.

సుత్తనిపాతములోని పారాయణవర్గమునకు ఎవ్వరును అడ్డు చెప్పలేదు. అది ప్రాచీనములలో ప్రాచీనము. పైగా మన గోదావరికి చుట్టము. కోసలనుండి దక్షిణాపథమునకు వచ్చి అస్సక అళక దేశముల నడుమ గోదావరి యొడ్డున నివసించిన బావరి యను ముదుసలి బ్రాహ్మణుడు తన పదునార్గురు శిష్యులను బుద్ధుని ప్రశ్నించుటకు పంపెను. ఆ రాజులు అంధకరాజులని అట్ఠకథ. ఇట్లు గోదావరి యొడ్డునుండి బయలుదేరిన పదునారు ప్రశ్నలే ఆ వర్గము. ప్రశ్నలడుగుట మన సీమకు కొత్తగాదని గ్రహించితిమి.

ఇక స్త్రీల గ్రంథము. థేరీగాథలలో డెబ్బదిమువ్వురు స్థవిరల పేరిట గాథలు కలవు. రోటినుండియు రోకలినుండియు గూని మగనినుండియు విడివడితినని సంతసించిన ముత్త. నీట మునిగిన పాపము పోవునేని కప్పలకును తాబేళ్లకును స్వర్గము సిద్ధమేకదా యని గడగడ వణకుచున్న బ్రాహ్మణు నడిగిన నీళ్లు మోయు దాసి పుణ్ణిక. రెండు వ్రేళ్ల బుద్ధి గల ఆడుదానికి ఆ పదవి యేలనన్న మారునితో, చిత్తము కుదిరినచోట స్త్రీత్వమేమి చేయునని పలికిన సోమ. అన్నము ఉడికినదో లేదో రెండు వ్రేళ్లతో చిదిమి చూచుట నెరిగిన మా సోదరీమణులకు ఆ యెత్తిపొడుపు వ్యాఖ్యానము లేకయే తెలిసినది. పుష్కరములకు పోయివచ్చినవారు పుణ్ణికను మరింత జాగ్రత్తగ వినిరి. ఆవగింజల కొరకు ఇల్లిల్లు తిరిగిన కిసాగోతమి కథను మాత్రము గాథలలో వెదుకరాదు; అది అట్ఠకథలోనిది. అందరెరిగిన కథ మూలమున లేకపోవుట చూచి మేము కొంత నిరుత్సాహపడితిమి.

తగవు మిగిలినది ఒక్క భాగముననే. మహాప్రజాపతి గౌతమి సంఘప్రవేశమునకు విధింపబడిన ఎనిమిది గురుధర్మములు వినయపిటకములోని చుల్లవర్గమున కలవు. నూరేండ్ల క్రిందట దీక్షగొన్న భిక్షుణి సైతము నాడే దీక్షగొన్న భిక్షువునకు లేచి నమస్కరింపవలెనన్నది వానిలో మొదటిది. దీనిని చదువవలదని మాలో పురుషులే యెక్కువమంది యనిరి. బుద్ధునిపై గౌరవము తగ్గునని కొందరు, అవి తరువాతివారు చేర్చినవని కొందరు. ఒక యువతి లేచి, "తరవాత చేర్చారో ముందే ఉన్నాయో చదివితేనే గదండీ తెలిసేది" అని, ఆ క్రిందనే యున్న మరియొక భాగమును చూపినది. వయస్సునుబట్టియే నమస్కారము జరుగునట్లు అనుమతింపుమని గౌతమి పిమ్మట ఆనందుని ద్వారమున అడిగినదట. ఆ కోరిక చెల్లలేదట. నియమమును తలదాల్చిన నోటితోనే దానిని మార్చుమని అడిగిన యీ స్త్రీని గూర్చి మేము అంతవరకు వినియుండలేదు. గురుధర్మములను, గౌతమి కోరికను, థేరీగాథలను వరుసగ మూడు వారములు చదువుటకు తుదకు ఒప్పందమైనది. ఇద్దరు మిత్రులు ఒప్పుకొనలేదు. ఆ వారములు రాకుండుటకు వారికి స్వేచ్ఛ కలదు. మేము రమ్మనియే కోరుచున్నాము.

మొదటి సాయంకాలము రాహులోపదేశమును చదివితిమి. కాళ్లు కడుగుకొన్న పాత్రలో కొంచెము నీరు మిగిల్చి, ఎరిగి అబద్ధమాడుటకు సిగ్గుపడనివాని శ్రమణత్వము ఇంతయేనని భగవానుడు కొడుకునకు చూపి, దానిని పారబోసి, పాత్రను బోర్లించి, మరల వెల్లకిల త్రిప్పి వట్టిదానిని చూపెను. చదువుచున్నవా రక్కడ ఆగగా, ఇంటివారి చిన్నపిల్ల చెంబుతో నీళ్లు తెచ్చి అట్లే చేసి చూపినది. తడిసిన అరుగు ఆరునంతవరకు ఎవరును మాటలాడలేదు. తరువాత మేము, వ్యాపారములో అబద్ధమాడక గడచునాయని మొదలుపెట్టి రాత్రి పొద్దుపోవువరకు వాదులాడుకొంటిమి. వచ్చువారము మునిగాథ. గురుధర్మములు చదువునాడు గ్రంథమును తన చేతికే ఇయ్యవలెనని పిన్నిగారు ముందుగనే చెప్పియుంచినారు.